భైరవి అని వెతికితే భైరవే రావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

క్యాసెట్లు, సీడీలు, రేడియోలో పట్టుకున్న కచేరీలు అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టుకున్న ఇళ్లు మన దగ్గర చాలానే ఉన్నాయి. ఎక్కించడం వరకు ఓపిగ్గా చేశారు. చిక్కల్లా, ఎక్కించిన పాట మళ్లీ చేతికి దొరకకపోవడం. ప్లేయర్లో ‘భైరవి’ అని కొట్టి చూడండి. ఆనందభైరవి వస్తుంది, సింధుభైరవి వస్తుంది, నఠభైరవి వస్తుంది, హిందుస్తానీ ఠుమ్రీ ఒకటి వస్తుంది. శ్యామశాస్త్రి భైరవి స్వరజతి మాత్రం రాదు, ఎందుకంటే ఆ ఫైలు పేరు ‘ట్రాక్ 07’ అని ఉండిపోయింది. దీనికి ప్లేయర్‌ను మార్చి లాభం లేదు. ముందు ఫైలు లోపల రాసి ఉన్న వివరాలను చక్కబెట్టుకోవాలి. ఆ తర్వాతే వెతుకులాటను మనకు కావలసినట్టు మలుచుకోగలం. సంగీతం మీద ప్రేమ ఉండి, కంప్యూటర్ అంటే కాస్త జంకే పాఠకుల కోసం ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఎంపీత్రీ ఫైల్లో పాటతోపాటు ఐడీత్రీ ట్యాగ్ అనే చీటీ ఒకటి ఉంటుంది. దాని మొదటి వెర్షన్‌ది 128 బైట్ల చోటు: పాట పేరుకు 30, గాయకుడికి 30, ఆల్బమ్‌కు 30. అది ఇంగ్లీషు, ఐరోపా అక్షరాలకే తయారైనది. అందులో తెలుగు రాయబోతే వరసగా ప్రశ్నార్థకాలు పడతాయి. అలా పడ్డాక అసలు పేరు పోయినట్టే, మళ్లీ టైపు చేయాల్సిందే. ప్రశ్నార్థకాలు కాకుండా, నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లీషు ‘ఏ’, పక్కనే డిగ్రీ సున్న, మళ్లీ అదే ‘ఏ’ ఇలా కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. తెలుగు భద్రంగానే ఉంది, ప్లేయర్ దాన్ని తప్పు లిపిగా చదువుతోంది. ఎంపీత్రీట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్లో కోడ్‌పేజీని, అంటే ఏ లిపి లెక్కన చదవాలో చెప్పే పట్టికను, మార్చే చర్య (యాక్షన్) ఉంది, దానితో చాలావరకు వెనక్కి తెచ్చుకోవచ్చు.

అదే ఎంపీత్రీట్యాగ్‌లో ఆప్షన్స్‌లోకి వెళ్లి, ట్యాగ్స్ కింద ఎంపెగ్ అన్న చోట, రాసే ట్యాగ్‌గా ఐడీత్రీ 2.3, యూటీఎఫ్-16 (తెలుగు పట్టే రాత పద్ధతి) ఎంచుకోండి. మొదటి వెర్షన్ రాయడాన్ని తీసేయండి. ఈ ఒక్క మార్పుతో కారు స్టీరియోలో, టీవీలో కనబడే ప్రశ్నార్థకాలు సగం పోతాయి. ఇదంతా మొదలుపెట్టే ముందు ఫోల్డర్ మొత్తానికి మరో డిస్క్ మీద నకలు తీసి పెట్టుకోవాలి. 500 ఫైళ్లు ఒకేసారి ఎంచుకుని ఒక గడిలో తప్పు పేరు రాసి సేవ్ నొక్కితే, 500 పేర్లూ అదే అవుతాయి.

ఇక అసలు సంగతి. సినిమా పాటకు సరిపోయే గడులు కృతికి సరిపోవు. పాట, గాయకుడు, ఆల్బమ్, సంవత్సరం అని నాలుగు గడులిచ్చి ప్లేయర్ ఊరుకుంటుంది. మనం కచేరీని వెతికేదేమో రాగం పట్టుకుని, తాళం పట్టుకుని, వాగ్గేయకారుణ్ణి పట్టుకుని. అందుకని కొత్త గడులు మనమే కట్టుకోవాలి. ఎంపీత్రీట్యాగ్‌లో ఫైళ్లు ఎంచుకుని ఆల్ట్, టీ నొక్కితే ఎక్స్‌టెండెడ్ ట్యాగ్స్ తెరుచుకుంటుంది. అక్కడ కొత్త ఫీల్డు చేర్చి రాగ, తాళ, మేళకర్త (ఆ రాగానికి మూలమైన జనకరాగం అంకె), పద్ధతి (కర్ణాటకమా, హిందుస్తానీయా), పక్కవాద్యం అని పేర్లు పెట్టండి. గడి పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. ఎందుకంటే ఫ్లాక్ అనే మరో రకం పాట ఫైళ్లలో వాడే వోర్బిస్ కామెంట్ పద్ధతి గడి పేర్లకు వేరే లిపిని ఒప్పుకోదు. గడిలో నింపేది ఎంత తెలుగైనా ఇబ్బంది లేదు.

కంపోజర్ అనే గడి దగ్గర అందరూ తడబడతారు. త్యాగరాజ కృతికి మాట, స్వరం రెండూ ఆయనవే కాబట్టి గొడవ లేదు. అన్నమయ్య విషయం అలా కాదు. రాగి రేకుల మీద రాగం పేరు చెక్కి ఉంది, స్వరాలు లేవు. ఇప్పుడు మనం వినే వరసలు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటివారు కట్టినవి. ఒకే కీర్తన రెండు మూడు రాగాల్లో వినిపిస్తుంది. రేకు మీద ఉన్న రాగం ఒకటి, పాడే రాగం ఇంకొకటి కావచ్చు. కంపోజర్ గడిలో కొన్నిచోట్ల అన్నమయ్య అని, కొన్నిచోట్ల వరస కట్టినవారి పేరు రాసుకుంటూ పోతే ఎలా వెతికినా సగమే వస్తాయి. కంపోజర్ గడి ఎప్పుడూ వాగ్గేయకారుడికే ఇవ్వండి. వరస కట్టినవారికి ట్యూన్డ్‌బై అని వేరే గడి పెట్టండి. రాగ గడిలో పాడిన రాగమే రాయండి, రేకు మీది రాగం తెలిస్తే దానికి ఇంకో గడి. అప్పుడు ‘నేదునూరి కట్టిన అన్నమయ్య కీర్తనలు, ఎవరు పాడినా సరే’ అన్న కోరిక ఒక్క వరుసలో తీరుతుంది. వ్యాసం రాసేవారికి, పాఠం చెప్పేవారికి ఇంతకంటే పనికొచ్చే ఫలితం ఉండదు.

పక్కవాద్యాన్ని గాయకుడి గడిలో కలపకండి. ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్ సోలోలు వినాలనుకున్నప్పుడు, ఆయన పక్కవాద్యంగా ఉన్న కచేరీలు మీద పడితే విసుగొస్తుంది. విడివిడిగా రాసి ఉంటే సోలోలు కావాలంటే సోలోలు, రెండూ కావాలంటే రెండూ.

పేర్ల సంగతి ఇంకా కష్టం. తెలుగులో ఇంటిపేరు ముందుంటుంది, కాని అందరినీ ఇంటిపేరుతో పిలవం. ఘంటసాల, పెండ్యాల, నేదునూరి, పింగళి ఇంటిపేర్లు. బాలమురళి, సుశీల అసలు పేర్లు. ఆత్రేయ కలం పేరు. ఇంటిపేరుతోనే వరస పెట్టాలనో, అసలు పేరుతోనే పెట్టాలనో ఒక్క రూలు తీసుకుంటే సగం మందిని వెతుక్కోవాల్సి వస్తుంది. జనం ఏ పేరుతో పిలుస్తారో అదే ముందు వచ్చేలా సార్ట్ గడిలో రాయడమే మేలు: ‘బాలమురళీకృష్ణ, మంగళంపల్లి’, ‘ఘంటసాల వెంకటేశ్వరరావు’. ఆర్టిస్ట్ గడిలో పూర్తి పేరు అలాగే ఉంటుంది, వరస మాత్రం సార్ట్ గడిని బట్టి నడుస్తుంది. ‘సముద్రాల’ అని ఊరుకుంటే తండ్రి రాఘవాచార్య, కొడుకు రామానుజాచార్య ఇద్దరి పాటలూ కలిసిపోతాయి. ‘నాగేశ్వరరావు’ అంటే పెండ్యాల వారో, అక్కినేని వారో ప్లేయర్‌కు తెలియదు.

ఒక్కో పేరుకు ఒకే రాత. త్యాగయ్య, త్యాగరాజు, త్యాగరాజస్వామి ముగ్గురు మనుషులుగా కనిపిస్తారు. తాళ్ళపాక అని కొందరు, తాళ్లపాక అని కొందరు. కల్యాణి, కళ్యాణి. ముద్దుస్వామి, ముత్తుస్వామి. ఏది ఒప్పు అన్న వాదం ఇక్కడ అనవసరం. ఒకటి ఎంచుకుని, ఒక కాగితం మీద రాసి పెట్టుకుని, చివరిదాకా దానికే కట్టుబడితే చాలు. మిగతా రూపాలన్నీ ఏలియస్ అనే గడిలో పడేయండి. ఇంగ్లీషు అక్షరాల రూపాలు కూడా అక్కడే: తోడిని ‘హెచ్’తో ఒకసారి, లేకుండా ఒకసారి, ఘంటసాలను ‘జీహెచ్’తో, ఒట్టి ‘జీ’తో. ఇంట్లో పిల్లలు ఇంగ్లీషు కీబోర్డుతోనే వెతుకుతారు, వాళ్లకూ దొరకాలి.

ఇక వెతకడం. ఎంపీత్రీట్యాగ్‌లో ఎఫ్3 నొక్కితే కింద ఫిల్టర్ గడి వస్తుంది. అందులో, ఫూబార్2000 ప్లేయర్ సెర్చ్‌లో కూడా రెండు మాటలు కీలకం: హ్యాజ్, ఈజ్. ‘రాగ హ్యాజ్ భైరవి’ అంటే ఆ గడిలో భైరవి అనే ముక్క ఎక్కడున్నా సరే, ఆనందభైరవీ వస్తుంది. ‘రాగ ఈజ్ భైరవి’ అంటే అచ్చంగా భైరవే. ఈ మాటలు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో టైపు చేయాలి. చిన్నక్షరాల్లో కొడితే వాటినీ వెతకాల్సిన మాటలుగా అనుకుని ఖాళీ జాబితా చూపిస్తుంది. రాగం రాయని ఫైళ్లు తేల్చుకోవాలంటే ఎంపీత్రీట్యాగ్‌లో ‘రాగ ఆబ్సెంట్’, అదే పనికి ఫూబార్‌లో ‘రాగ మిస్సింగ్’. ఒకదాని మాట ఇంకోదానికి తెలియదు, ఇక్కడ చాలామంది బోర్లా పడతారు.

హిందుస్తానీ కూడా వినేవారు పద్ధతి గడిని వదలకూడదు. అక్కడి భైరవి స్వరాలు మన తోడికి దగ్గర, అక్కడి తోడి మన శుభపంతువరాళికి దగ్గర. అక్కడి మాల్కౌంస్ మన హిందోళం, భూపాలీ మన మోహన. ‘రాగ ఈజ్ భైరవి అండ్ పద్ధతి ఈజ్ కర్ణాటక’ అని రాసినప్పుడే ఠుమ్రీ పక్కకు తప్పుకుంటుంది.

రాగమాలిక దగ్గర ఇంకో మెలిక. నాలుగు రాగాలను కామాలు పెట్టి ఒకే గడిలో రాస్తే ‘ఈజ్’ పని చేయదు, దానికి అదంతా ఒకే పొడుగాటి పేరు. ఎంపీత్రీట్యాగ్‌లో రాగానికీ రాగానికీ మధ్య వెనక్కి వాలిన గీతలు రెండు పెట్టాలి. ఫూబార్ ప్రాపర్టీస్‌లో అయితే సెమీకోలన్. అప్పుడు ఒక్కో రాగం విడిగా నమోదవుతుంది.

ఫలితాల వరస గురించి రెండు మాటలు. అకారాది క్రమం అన్నిచోట్లా పనికిరాదు. త్యాగరాజ ఘనరాగ పంచరత్నాలు పాడే వరస నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. అకారాదిన పెడితే ఆరభి ముందుకొచ్చి, గౌళ తర్వాత నాట పడుతుంది. ఆరాధన రోజున ఆ వరసలో వినిపిస్తే వినేవారికి ప్రాణం ఉసూరుమంటుంది. ఇలాంటివాటికి ట్రాక్ నంబర్లు 1 నుంచి 5 దాకా ఇచ్చి, ట్రాక్ నంబరు మీదే వరస పెట్టాలి. రాగాల పట్టికకు మేళకర్త అంకె అద్భుతంగా పనికొస్తుంది. తోడి 08, మాయామాళవగౌళ 15, ఖరహరప్రియ 22, హరికాంభోజి 28, శంకరాభరణం 29, కల్యాణి 65. జన్యరాగాలకు జనకం అంకె రాయండి: భైరవికి 20, మోహనకు 28, బిలహరికి, హంసధ్వనికి 29. 8 అని కాకుండా 08 అని రాయాలి, లేకపోతే కొన్ని ప్లేయర్లలో 15, 22, 65 అన్నీ అయ్యాక 8 వస్తుంది. హిందోళం 20కి జన్యమా, 8కి జన్యమా అని విద్వాంసుల్లోనే రెండు మాటలున్నాయి. ఏదో ఒకటి పెట్టుకుని అన్ని హిందోళాలకూ అదే ఇవ్వండి. ఫూబార్ సెర్చ్‌లో ప్రశ్న చివర ‘సార్ట్ బై’ అని రాసి, మేళకర్త గడి పేరును రెండు పర్సెంట్ గుర్తుల మధ్య ఇస్తే జాబితా మేళకర్త వరసలో నిలబడుతుంది. ఆ సెర్చ్ విండోలోంచే ఆటోప్లేలిస్ట్ చేసుకుంటే, రేపు కొత్త భైరవి కృతి ఒకటి డిస్క్‌లో చేరగానే తనంతట తనే ఆ జాబితాలోకి వస్తుంది.

ఇంత చేసినా కొన్ని ఫైళ్లు దొరకవు. కంటికి భైరవి అనే కనిపిస్తుంది, వెతికితే రాదు. కారణం యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ ప్రతి అక్షరానికీ ఒక సంకేతం ఇచ్చే పద్ధతిలో ఉంది. ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే సంకేతంగా ఒక పద్ధతి, ఎత్వం ఒకటి, కింద ఐత్వపు ముక్క ఒకటి అని రెండు సంకేతాలుగా ఇంకో పద్ధతి. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. పాత మ్యాక్ కంప్యూటర్ల హెచ్ఎఫ్ఎస్ ప్లస్ డిస్కులు ఫైలు పేర్లను ఈ విడగొట్టిన రూపంలోనే దాచేవి. అక్కడి నుంచి పెన్‌డ్రైవ్ మీద వచ్చిన ‘భైరవి’, మనం కీబోర్డుతో కొట్టిన ‘భైరవి’ కంప్యూటర్ లెక్కలో వేరువేరు. తెలుగులో ఈ పేచీ ఒక్క ఐత్వానికే. లినక్స్ వాడేవారికి కన్వ్‌ఎంవీ అనే చిన్న పనిముట్టు ఉంది, ఎన్ఎఫ్‌సీ అన్న ఆప్షన్‌తో నడిపితే పేర్లన్నీ కలిపిన రూపంలోకి వస్తాయి. అది మామూలుగా ఏం మారుస్తుందో చూపించి ఆగిపోతుంది, నిజంగా మార్చాలంటే ‘నోటెస్ట్’ అని కూడా ఇవ్వాలి.

రెండో దొంగ, కనిపించని అక్షరం. పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చిన వెబ్‌సైట్ల నుంచి పేరు కాపీ చేస్తే అక్షరాల మధ్య జీరో విడ్త్ నాన్‌జాయినర్ అనే సంకేతం దూరి ఉంటుంది. అక్షరాలు అతుక్కోకుండా ఆపడం దాని పని, కాని అక్కర్లేని చోట కూడా ఉంటుంది. ‘బాల’ తర్వాత అదొకటి ఉంటే ‘బాలమురళి’ అని ఎంత కొట్టినా దొరకదు. పోగొట్టే దారి సులువే. ఎంపీత్రీట్యాగ్‌లో రీప్లేస్ చర్య తెరిచి, పైగడిలో చెడ్డ పేరును కాపీ చేసి అతికించండి, కింది గడిలో అదే పేరు చేత్తో టైపు చేయండి. ఫైళ్లన్నీ ఎంచుకుని నడిపితే ఒక్క దెబ్బతో పోతుంది.

ఇప్పుడు చెప్పబోయేది సాఫ్ట్‌వేర్ రాసే మన పిల్లలకు. పాటల యాప్‌లలో వెతుకులాటకు ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లోని ఎఫ్‌టీఎస్5 అనే వెతుకులాట భాగం వాడటం మామూలు. రాతను మాటలుగా విడగొట్టడానికి మనం వేరే ఏమీ చెప్పకపోతే అది వాడే పద్ధతి పేరు యూనికోడ్61. అది అక్షరాలను, అంకెలను మాత్రమే మాటలో భాగంగా చూస్తుంది. మన గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు యూనికోడ్ లెక్కలో వేరే తరగతి, అందుకని అవి రాగానే మాటను తెంచేస్తుంది. ‘రాగం’ దాని చేతిలో ‘ర’, ‘గ’ అని రెండు ముక్కలవుతుంది. ‘రోగం’ కూడా ‘ర’, ‘గ’. ‘తోడి’కీ ‘తాడు’కీ తేడా ఉండదు. తెలుగులో వెతికితే సంబంధం లేనివి కుప్పలుగా వచ్చాయంటే మొదట చూడాల్సింది ఇక్కడే. పట్టిక తయారుచేసే చోట కేటగిరీస్ అన్న ఆప్షన్‌లో ఉన్న వాటికి ఎంఎన్, ఎంసీ అన్న రెండు తరగతులు చేర్చితే సరిపోతుంది. 2018లో వచ్చిన 3.25 వెర్షన్ నుంచి ఈ సౌకర్యం ఉంది. మాట మధ్యలోని ముక్క కూడా దొరకాలంటే 2020లో వచ్చిన ట్రైగ్రామ్ పద్ధతి ఉంది. మూడు సంకేతాల కంటే చిన్న మాటను అది పట్టదు. నాట, గౌళ వంటి పొట్టి పేర్లకూ మూడు సంకేతాలు ఉంటాయి కనుక మనకు నష్టం లేదు. ఒక్క వరుస మార్పుతో తెలుగుకే కాదు, గుణింతాలున్న మన దేశ భాషలన్నిటికీ మేలు.

ఫోన్‌లోని ప్లేయర్లు చాలావరకు పాట పేరు, గాయకుడు, ఆల్బమ్ తప్ప వేరే గడి చూడవు. రాగ గడి ఎంత నింపినా వాటికి గుడ్డి. ఫోన్ కోసం వేరే నకలు తీసి, ఆ నకల్లో ఎంపీత్రీట్యాగ్ ఫార్మాట్ వాల్యూ చర్యతో పాట పేరు చివర రాగం, తాళం అతికించండి. అసలు ఫైళ్లను ముట్టుకోవద్దు.

సినిమా పాటలకు ఒక్క జాగ్రత్త చాలు. సంవత్సరం గడిలో సీడీ వచ్చిన ఏడు కాదు, సినిమా విడుదలైన ఏడు రాయాలి. ఆల్బమ్ పేరులో కూడా ఏడు ఉండాలి. దేవదాసు 1953లో వచ్చింది, 1974లో వచ్చింది, 2006లో వచ్చింది. ఏడు రాయకపోతే మూడూ ఒకే ఆల్బమ్‌గా అతుక్కుపోతాయి.

ఇవన్నీ ఇంట్లో కూర్చుని చేసుకోగల పనులు. రోజుకు ఒక క్యాసెట్టు చొప్పున పెట్టుకుంటే బరువనిపించదు. కాని వివరం తెలియని కచేరీకి శ్రోత ఏం రాయగలడు? రికార్డింగులు విడుదల చేసే దేవస్థానాలు, సంస్థలు, సభలు రాగం, తాళం, వాగ్గేయకారుడు, వరస కట్టినవారు, పక్కవాద్యం, రికార్డు చేసిన తేదీ ఫైల్లోనే నింపి ఇవ్వాలి. అట్ట మీద అందంగా అచ్చేసి ఫైల్లో ‘ట్రాక్ 07’ అని వదిలేస్తే, అట్ట చిరిగిన రోజున ఆ మృదంగ విద్వాంసుడి పేరు కూడా పోతుంది. ఆ పేరు పోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

మీ పత్రికకు కూడా ఒక మనవి. కచేరీ సమీక్షలోనో కొత్త ఆల్బమ్ పరిచయంలోనో ‘శ్రావ్యంగా సాగింది’ అన్న వాక్యం తర్వాత రెండు వరుసలు చోటిచ్చి, పాడిన కృతులు, రాగతాళాలు, పక్కవాద్యం వారి పూర్తి పేర్లు, తేదీ, ఊరు వేయండి. పేర్లు ప్రతిసారీ ఒకే రాతలో ఉంటే ఇంకా మంచిది. ఆ రెండు వరుసలు చూసి తమ ఫైళ్లలో రాసుకునేవాళ్లు మీ పాఠకుల్లో ఉన్నారు.

ఇట్లు,
ఒక శ్రోత,
విజయవాడ